దాండేలికి ఏ నెలలో పోతే మంచిది? అమ్మానాయన, పిల్లలతో బెంగళూరు నుంచి

నందికొట్కూరు_అబ్బాయి
నవంబరు 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మేం మారతహళ్ళిలో ఉంటాం. ఇంట్లో నేను, మా ఆవిడ, 11 ఏళ్ళ పాప, 6 ఏళ్ళ బాబు, ఇంకా అమ్మా నాయనా. నాయనకి 71, మోకాళ్ళ నొప్పులు, చదునైన చోట గంటసేపు నడుస్తాడు కానీ మెట్లంటే మాత్రం కష్టం. ప్రతిసారీ కూర్గు, చిక్‌మగళూరు, ఊటీ, మళ్ళీ కూర్గు, ఇదే తిరుగుడు. ఈసారి నది ఉన్న ఊరికి తీసుకుపోదామని ఉంది, ఎందుకంటే మా నాయన కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినోడు, ఎండాకాలంలో నది ఈదుకుంటా అవతలికి పోయి పుచ్చకాయలు తెచ్చుకునేవాళ్ళమని ఇప్పటికీ చెప్తాడు, అట్లాంటి మనిషి ఇక్కడ ఎనిమిదో అంతస్తులో కూర్చుని టీవీ చూస్తా ఉంటే నాకు మనసొప్పడం లేదు.

ఆఫీసులో ఒకరు దాండేలి పేరు చెప్పినారు, ఉత్తర కర్ణాటకలో కాళి నది పక్కన చిన్న ఊరంట. నెట్‌లో చూస్తే అన్నీ హెల్మెట్లు పెట్టుకుని రబ్బరు పడవలో అరుస్తున్న కుర్రోళ్ళ ఫోటోలే. మరి పెద్దోళ్ళకి, చిన్నపిల్లలకి అక్కడ ఏముంది? డిసెంబరు సెలవులా, సంక్రాంతా, ఎండాకాలమా, వానాకాలమా? కారా రైలా? పోయొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


కేఆర్‌పురం_శ్రీను
నవంబరు 9, రాత్రి 11:15

నేను రెండుసార్లు వెళ్ళా బ్రో, రెండుసార్లూ కారే. తుమకూరు, చిత్రదుర్గ, దావణగెరె, హుబ్లీ, ధారవాడ, అక్కడ్నుంచి హళియాళ మీదుగా దాండేలి, మొత్తం 460 కిలోమీటర్ల పైమాటే. ధారవాడ దాకా పూణే హైవే, సాఫీగా పోతుంది. చివరి 55 కిలోమీటర్లు చిన్న రోడ్డు కానీ చూడ్డానికి బాగుంటుంది, చెరుకు తోటలు దాటాక నెమ్మదిగా అడవి మొదలవుతుంది. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి ఒక్క దెబ్బలో లాగకండి, తెల్లారి 4 కి బయల్దేరి దావణగెరెలో బెణ్ణె దోశ తిని గంట రెస్ట్ తీసుకుని వెళ్ళండి.

డిసెంబరు ఆఖరి వారం మాత్రం అస్సలు వద్దు. మేం వెళ్ళింది అప్పుడే, సగం బెంగళూరు, సగం గోవా, పూణే అంతా అక్కడే, టీ తాగడానిక్కూడా లైను.


హుబ్లీ_కోడలు
నవంబరు 10, ఉదయం 7:05

నేను పుట్టింది ఒంగోలు, మెట్టింది హుబ్లీ, ఇప్పుడు ఉండేది రాజాజీనగర్. దాండేలి మా అత్తగారింటికి 75 కిలోమీటర్లే కాబట్టి ఏడాదికి రెండు మూడు సార్లైనా వెళ్తాం. మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు అంటున్నారు కాబట్టి నన్నడిగితే రైలే. రాత్రి రాణి చెన్నమ్మ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే హుబ్లీ, ధారవాడ వచ్చేస్తాయి, అదే రైలు అళ్నావర్ కూడా వెళ్తుంది, అళ్నావర్ నుంచి దాండేలి ముప్పై కిలోమీటర్ల చిల్లరే. కానీ అక్కడ ట్యాక్సీ ముందే మాట్లాడుకోవాలి, అందుకే ధారవాడలో దిగి బండి మాట్లాడుకోవడం సుఖం. పగటిపూట కావాలంటే వందే భారత్ ఉంది, 2023 నుంచి ధారవాడకి నడుస్తోంది, మధ్యాహ్నానికి దింపేస్తుంది.

ఇక కాలం గురించి. అక్కడివాళ్ళని "ఎప్పుడు రావాలి" అని అడిగితే నవ్వుతారు, "ఏం చూడాలో చెప్పండి, అప్పుడు నెల చెప్తాం" అంటారు. అదే నిజం. వానలు జూన్‌లో పట్టుకుంటే సెప్టెంబరు దాకా వదలవు, అప్పుడు అడవి అందం వేరు, కానీ నదిలో దిగడం ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో ఆకు ఇంకా పచ్చగా ఉంటుంది, ఎండ కాయదు, నీళ్ళు నిండుగా ఉంటాయి. చలికాలం పొద్దున్నే నది మీద పొగమంచు పడవంత ఎత్తున నిలబడుతుంది, ఎనిమిదింటికి గానీ విడవదు. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా పక్షులు. ఎండాకాలం జంతువులు నీళ్ళ దగ్గరికి వస్తాయి, ఆకు రాలిపోయి అడవి లోపలిదాకా కనిపిస్తుంది.

మీకైతే ఫిబ్రవరి. స్కూలు రెండ్రోజులు మానిపించినా ఫర్వాలేదు.


తెడ్డు_పట్టినోడు
నవంబరు 10, మధ్యాహ్నం 1:30

అన్నా, నేను పాలమూరోణ్ణి, ఎలక్ట్రానిక్ సిటీల పని. కాళి నదిల ఇప్పటికి ఆరుసార్లు రాఫ్టింగ్, అంటే రబ్బరు పడవ మీద అలల్ల పోవుడు, చేసిన, ఎనిమిదేండ్ల సంది పోతున్న. గా నది సంగతి జెర వివరంగ చెప్తా, ఎందుకంటే మస్తుమంది తెల్వక పోయి పైసలు పోగొట్టుకుంటరు.

ముందుగల్ల ఒక ముచ్చట. రాఫ్టింగ్ దాండేలి ఊర్ల కాదు, దాదాపు 25 కిలోమీటర్ల దూరంల గణేశ్‌గుడి కాడ. అక్కడ కాళి మీద సూపా డ్యామ్ ఉంది, 101 మీటర్ల ఎత్తు, 1987ల అయిపోయింది. డ్యామ్ కాళ్ళ కాడనే పవర్ హౌస్. కరెంటు తయారు చేసేటప్పుడు నీళ్ళు టర్బైన్ తిప్పి నదిలకు వస్తయి, ఆపితే నది సన్నబడి బండలు తేల్తయి. అంటే మనం రాఫ్ట్ ఎక్కేది వాననీళ్ళ మీద కాదు, కరెంటు కోసం ఇడిసిన నీళ్ళ మీద. గందుకే వేరే నదులన్నీ ఎండిపోయే ఏప్రిల్, మే నెలల్ల కూడ కాళిల నీళ్ళుంటయి. అదే వానకాలంల మొత్తం బంద్ పెడ్తరు, అప్పుడు నది మనిషి మాట ఇనేటట్టు ఉండదు.

ఇంగ ఆ నీళ్ళు డ్యామ్ అడుగు నుంచి వస్తయి కదా, మండే మే నెలల కూడ చల్లగుంటయి. మొదటిసారి అల మొఖానికి కొట్టినప్పుడు ఊపిరి ఆగినట్టయితది. పెద్ద రాఫ్టింగ్ అంటే 9 కిలోమీటర్ల దాక ఉంటది, గ్రేడ్ 2, 3 అలలు. గ్రేడ్ 3 అంటే అల మనిషి నడుము దాటి వస్తది, గైడ్ చెప్పినట్టు అందరు ఒక్కసారి తెడ్డేస్తేనే రాఫ్ట్ నేరుగ పోతది, ఒక్కడు ఆగినా అడ్డం తిరుగుతది. పడ్డోళ్ళు పండుకున్నట్టు ఎల్లకిల తేలాలె, కాళ్ళు ముందుకు పెట్టాలె, బండ వస్తే కాలుతోని తన్నాలె, నిలవడనీకి సూడొద్దు. నిలవడితే బండల సందుల కాలు ఇరుకుతది, ఎనక నుంచి నీళ్ళు తోస్తయి, గదే అసలు ప్రమాదం.

ఇప్పుడు నా అనుభవం. మూడేండ్ల కింద ఒక రిసార్టోళ్ళు ఫోన్ల "వైట్ వాటర్ రాఫ్టింగ్ ప్యాకేజ్‌లనే ఉంది" అన్నరు. పోయినంక ఒక కిలోమీటర్ నిలకడ నీళ్ళల్ల తిప్పి, ఒక చిన్న అల దాటిచ్చి, ఇరవై నిమిషాలకే దించిన్రు. పదిమందిమి, ఒక్కొక్కరం మస్తు పైసలు కట్టినం. అడిగితే "మీరు బుక్ చేసింది షార్ట్ రాఫ్టింగ్" అన్నరు. కాబట్టి అన్నా, బుక్ చేసేముందు మూడు అడుగు: ఎన్ని కిలోమీటర్లు, యాడ ఎక్కి యాడ దిగుడు, ఆ రోజు నీళ్ళు ఇడుస్తరా లేదా. రాతల అడుగు, మెసేజ్‌ల జవాబు ఉంచుకో.

నీ పాపకు 11 అంటే పెద్ద రాఫ్టింగ్‌కు ఎక్కించుకోరు, ఎక్కించుకుంటం అన్నా నువ్వే వద్దను. చిన్నది బాగనే ఉంటది పిల్లలకు.


ఇద్దరు_పిల్లల_అమ్మ
నవంబరు 10, సాయంత్రం 4:10

తెడ్డు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఇది చాలా ముఖ్యం. కాళి నదిలో మొసళ్ళు ఉన్నాయి. దాండేలి ఊరు చుట్టుపక్కల నది నెమ్మదిగా పారే చోట్ల బండల మీద ఎండకి పడుకుని కనిపిస్తాయి, చూడ్డానికి జనం వస్తారు కూడా. మేం ఉన్న చోట వెనక గేటు తీస్తే నది. మా చిన్నాడికి అప్పుడు ఐదేళ్ళు, నేను బ్యాగు సర్దుతున్నాను, వాడు చెప్పులు విప్పి నీళ్ళ అంచున రాళ్ళేరుకుంటున్నాడు. అక్కడ తోటపని చేసే పెద్దాయన పరిగెత్తుకొచ్చి వాడి రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు, కన్నడంలో ఏదో గట్టిగా అన్నాడు, నాకు "మొసళె" ఒక్కటే అర్థమైంది. వేలు చాపి చూపించాడు. అవతల చెట్టు కింద నేను దుంగ అనుకున్నది దుంగ కాదు.

ఆ రిసార్టులో ఎక్కడా బోర్డు లేదు, దిగినప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ తల్చుకుంటే చేతులు వణుకుతాయి. గైడ్లు లైఫ్ జాకెట్ వేసి దింపే చోట తప్ప ఇంకెక్కడా పిల్లల్ని నీటి దగ్గరికి పోనివ్వకండి. సాయంత్రం పూట అస్సలు వద్దు.


నందికొట్కూరు_అబ్బాయి
నవంబరు 10, రాత్రి 9:50

అక్కా, చదువుతుంటే గుండె జల్లుమంది. మా వాడు కూడా నీళ్ళు చూస్తే ఆగడు. చాలా థ్యాంక్స్.

తెడ్డన్నా, మీరు రాసింది నాయనకి చదివి వినిపించినా. మొత్తం విని "డ్యామ్ కట్టినారంటే ఊర్లు పోయుంటాయి కదా, ఏ ఊర్లు పోయినాయో కనుక్కో" అన్నాడు. మా ఊరు శ్రీశైలం డ్యామ్ కింద మునిగిపోయింది, 1981లో ఖాళీ చేయించినప్పుడు నాయన ఎద్దులబండి మీద తలుపులు, దూలాలు వేసుకుని బయటికొచ్చినోడు. అందుకే ఆ ప్రశ్న ముందు తోచింది ఆయనకి. ఎవరికైనా తెలుసా?


హుబ్లీ_కోడలు
నవంబరు 11, ఉదయం 6:50

తెలుసండీ. ఆ డ్యామ్‌కి సూపా అని పేరొచ్చిందే మునిగిపోయిన ఊరి నుంచి. సూపా అప్పట్లో తాలూకా కేంద్రం, సంత, కచేరీ, బడి అన్నీ ఉన్న ఊరు. దాన్తో పాటు చుట్టుపక్కల ఊళ్ళూ పోయాయి. జనాన్ని రామనగరకి తరలించారు, గోవా పోయే దారిలో ఉంటుంది. ఇప్పుడు తాలూకా కచేరీ జోయిడాలో ఉంది. మా అత్తగారి చిన్నప్పటి స్నేహితురాలిది సూపానే, ఆవిడ ఇప్పటికీ రామనగర అనరు, "కొత్త ఊరు" అంటారు. నలభై ఏళ్ళు దాటినా ఆవిడకది కొత్త ఊరే.

మీ నాన్నగారిని తప్పకుండా గణేశ్‌గుడి తీసుకెళ్ళండి. డ్యామ్ మీదకి అనుమతి లేందే పోనివ్వరు, ఫోటోలు కూడా తియ్యనివ్వరు. కానీ డ్యామ్ వెనక నిలిచిన నీళ్ళు, అదే వెనకనీళ్ళు, కనిపించే చోట్లు రోడ్డు మీద ఉన్నాయి, మెట్లు ఎక్కక్కర్లేదు.


పక్షులక్క
నవంబరు 11, ఉదయం 11:20

మాది కోనసీమండి, జయనగర్‌లో ఉంటున్నాం. నేను దాండేలి వెళ్ళేది ఒక్క హార్న్‌బిల్, అదే పెద్ద ముక్కు పక్షి, కోసమే. రాఫ్టింగ్ ఇప్పటిదాకా చెయ్యలేదు, చెయ్యాలని కూడా అనిపించలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు లేదని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ పక్షులు చూడ్డానికి కొండలెక్కక్కర్లేదు, కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు.

నాలుగు రకాల హార్న్‌బిల్స్ అక్కడే ఉన్నాయండి, పెద్ద హార్న్‌బిల్, నలుపు తెలుపు మలబార్ పైడ్, బూడిదరంగువి రెండు రకాలు. కన్నడవాళ్ళు మంగట్టె అంటారు. ఊళ్ళోనే అటవీశాఖ వాళ్ళ కలప డిపో ఉంది, అక్కడ మర్రి, రావి జాతి చెట్లు కాయలు కాసినప్పుడు పొద్దున్నే వెళ్ళి నిలబడండి. ముందు కనిపించదు, వినిపిస్తుంది. పెద్ద హార్న్‌బిల్ రెక్క కొడితే పాత బొగ్గు రైలు దూరం నుంచి వస్తున్నట్టు హుఫ్ హుఫ్ మని చప్పుడు, తలెత్తే లోపల నెత్తి మీంచి వెళ్ళిపోతుంది. కొమ్మ మీద వాలాక పండు ముక్కు చివరతో తుంచి, పైకి ఎగరేసి, నోరు తెరిచి పట్టుకుంటుంది. ప్రతి పండూ అంతే, ఒక్కటీ కింద పడదు.

జనవరి దాటాక ఇంకో సంగతి. ఆడపక్షి చెట్టు తొర్రలోకి వెళ్ళి మట్టీ, రెట్టా కలిపి లోపలి నుంచి తలుపు మూసుకుంటుందండి. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు కాస్త ఎదిగేదాకా లోపలే. అన్నాళ్ళూ మగపక్షి తిండి తెచ్చి ఆ సందులోంచి అందించాల్సిందే, గొంతులో పండ్లు నింపుకొచ్చి ఒక్కొక్కటే పైకి తెచ్చి ఇస్తుంది. అది పోతే లోపలున్న కుటుంబం మొత్తం పోయినట్టే. అందుకే గూడున్న చెట్టు దగ్గర మనుషులు గుంపుగా చేరి అరిస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. మగపక్షి భయపడి దూరంగా కూర్చుండిపోతుంది, లోపల తల్లి ఎదురుచూస్తూ ఉంటుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, మట్టి రంగు బట్టలు వేసుకోండి, గైడ్ ఎంత దూరంలో ఆగమంటే అంత దూరంలోనే ఆగండి.

గణేశ్‌గుడిలో ఓల్డ్ మ్యాగజైన్ హౌస్ అని ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ వాళ్ళ బస ఉంది, డ్యామ్ కట్టేటప్పుడు పేలుడు మందు దాచిన చోటట. ముంగిట్లో పక్షులకి నీళ్ళ తొట్లు పెట్టారు, చిన్నచిన్న పిట్టలు వచ్చి స్నానాలు చేసి పోతుంటాయి. మీ నాన్నగారు, అమ్మగారు కాఫీ తాగుతూ ఇరవై రకాలు చూడొచ్చు, నిజంగా.


సైకిల్_సుబ్బు
నవంబరు 12, రాత్రి 8:30

అందరూ వానాకాలం వద్దంటున్నారు, నేను ఒప్పుకోను. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న ఈయనకి వద్దు, సరే. కానీ కుర్రాళ్ళు ఎవరైనా చదువుతుంటే జూలైలో ఒకసారి వెళ్ళండి. నేనూ నా ఫ్రెండూ సైకిళ్ళు రైల్లో వేసుకుని ధారవాడలో దిగి తొక్కాం. హళియాళ దాటినప్పట్నుంచి మూడ్రోజులు మేం ఎండ మొహం చూడలేదు, ప్రతి మలుపులో రోడ్డు పక్కన ఒక చిన్న జలపాతం, దానికి పేరుండదు, ఎవరూ ఫోటో తియ్యరు. జలగలు మాత్రం తప్పవు, సాక్సు పైన ఉప్పు రాసుకోండి, పట్టుకుంటే పీకకండి, ఉప్పు వేస్తే అదే వదులుతుంది. ఘాట్లలో మట్టి జారుతుంది కాబట్టి చీకటి పడ్డాక బండి నడపొద్దు. నది ఎర్రగా, పొంగుతా ఉంటుంది, ఒడ్డున నిలబడి చూడ్డమే, దిగడం లేదు.

వానలకి ముందు, మే ఆఖరులో, మిణుగురులు. ఒక చెట్టు మొత్తం ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరుతుంది. అంతకంటే రాయలేను.


కేఆర్‌పురం_శ్రీను
నవంబరు 12, రాత్రి 10:05

సింథేరి రాక్స్ గురించి ఎవరూ చెప్పలేదు. మూడొందల అడుగుల నల్లరాయి, కింద కానేరి వాగు. బాగుంటుంది కానీ కిందికి చాలా మెట్లు, మీ నాన్నకి కుదరదు. కావళ గుహలు కూడా అంతే, వంగి పాకాలి. ఆ రెండూ మీరు, పాప వెళ్ళిరండి. రాతికి పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి, గట్టిగా అరవకండి, సెంటు కొట్టుకుని పోకండి.


హుబ్లీ_కోడలు
నవంబరు 13, ఉదయం 7:15

సఫారీ సంగతి కూడా చెప్తాను. ఇది కాళి టైగర్ రిజర్వ్, 2007లో అణశి, దాండేలి అడవులు కలిపి చేశారు, తర్వాత 2015లో నది పేరు పెట్టారు. పులి కనిపిస్తుందని ఆశ పెట్టుకుని వెళ్ళకండి, అడవి చాలా దట్టం. నల్ల చిరుతలకి పేరున్న అడవి, నేను ఇన్నేళ్ళలో ఒక్కసారే, అదీ తోక చూశాను. దున్నలు, జింకలు, మూరెడు తోక ఉండే పెద్ద ఉడుత కనిపిస్తాయి. పొద్దున సఫారీకే వెళ్ళండి, జీపు కుదుపులు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

ఫిబ్రవరిలో మాఘ పున్నమి దగ్గర్లో వెళ్తే ఉళవి జాతర బళ్ళు ఎదురవుతాయి. ఉళవిలో చెన్నబసవణ్ణ సమాధి ఉంది, బసవణ్ణ మేనల్లుడు. ధారవాడ, బెళగావి పల్లెల నుంచి రైతులు ఎద్దులబళ్ళ మీద రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తారు. ఎద్దుల కొమ్ములకి రంగులు, మెళ్ళో గంటలు. మీ నాన్నగారికి నచ్చుతుంది.

ఇంకొకటి, హళియాళ, ఎల్లాపుర వైపు సిద్దీలు ఉంటారు, వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, ఎన్నో తరాలుగా ఇక్కడే సేద్యం చేసుకుంటున్నారు, ఇక్కడి భాషలే మాట్లాడతారు. కొందరు టూరిస్టులు బండాపి అడక్కుండా ఫోటోలు తీస్తుంటే నాకు సిగ్గేస్తుంది. దయచేసి మీలో ఎవరూ అలా చెయ్యకండి.


నందికొట్కూరు_అబ్బాయి
ఫిబ్రవరి 17, రాత్రి 11:30

పోయొచ్చినాం! అందరికీ చెప్పుకోవాలని కూర్చున్నా, పొడుగైనా ఓపిగ్గా చదవండి.

రాత్రి రైలెక్కి ధారవాడలో దిగినాం, ముందే మాట్లాడుకున్న బండి స్టేషన్ బయట రెడీగా ఉంది. మూడు రాత్రులు, మొదటి రెండు గణేశ్‌గుడి దగ్గర, చివరిది దాండేలి ఊర్లో. హళియాళ దాటినాక అక్క చెప్పినట్టే ఎద్దులబళ్ళు ఎదురైనాయి, జాతర నుంచి తిరిగొస్తున్నాయి, వరసగా పదో పన్నెండో. నాయన బండి ఆపమన్నాడు. దిగి ఒక రైతు దగ్గరికి పోయి ఎద్దు మూపురం నిమిరి, పళ్ళు చూసి, "ఆరు పళ్ళు" అన్నాడు తెలుగులో, ఆయన కన్నడంలో ఏదో అన్నాడు, ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు, ఒకరి భాష ఒకరికి రాదు. ఎద్దుల గురించి భాష అక్కర్లేదేమో.

పాప, నేను, మా ఆవిడ చిన్న రాఫ్టింగ్ చేసినాం. తెడ్డన్నా, మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ మెసేజ్‌లో అడిగినా, ఒక చోట జవాబు దాటేస్తే వదిలేసి ఇంకో చోట బుక్ చేసినా. పొద్దున తొమ్మిదిన్నరకి పోతే బండలు తేలి ఉన్నాయి, నది ఇంతేనా అనుకున్నాం. ఇంకాసేపటికి గైడ్ ఒక బండ చూపించి దాన్నే చూస్తా ఉండమన్నాడు. బండ మీద తడి గీత పైకి పాకింది, చూస్తుండంగానే బండ లేదు. నీళ్ళు వచ్చిన చప్పుడు కూడా లేదు. మొసళ్ళే కాదు, ఇట్ట పెరిగే నీళ్ళు కూడా భయమేనని అప్పుడర్థమైంది, పిల్లోళ్ళని బండల మీదికి ఎందుకు పోనివ్వరో కూడా. మొదటి అల తగిలినప్పుడు పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, రెండో దానికి వదిలేసింది, మూడో దానికి నన్ను తెడ్డు సరిగ్గా వెయ్యమని అరిచింది.

పక్షులక్కా, రెండో రోజు గైడ్ ఒక చెట్టు దగ్గరికి తీసుకుపోయినాడు, దూరంగా ఆపినాడు. ముప్పావుగంట ఎవరం మాట్లాడలేదు, మా ఆరేళ్ళోడు కూడా. మగపక్షి వచ్చింది. తొర్ర దగ్గర వేలాడి గొంతులోంచి పండు తీసి సందులో పెట్టింది, లోపలి నుంచి ముక్కు కొస వచ్చి అందుకుంది. మళ్ళీ ఇంకోటి, మళ్ళీ ఇంకోటి. మా అమ్మ లెక్కపెట్టింది, పదహారు. వెనక్కి నడుస్తా "పాపం, ఆయనెప్పుడు తింటాడు" అనింది.

ఇక నాయన. మూడో రోజు సాయంత్రం వెనకనీళ్ళు కనిపించే చోటికి పోయినాం. గాలి లేదు, నీళ్ళు కదలడం లేదు, మధ్యలో చిన్న చిన్న దిబ్బలు. డ్రైవర్ చెయ్యి చాపి, సూపా అటువైపు అన్నాడు. నాయన బండి బానెట్‌కి ఆనుకుని నిలబడినాడు. అరగంట. ఆ ఊర్లో సంత ఏ వారం జరిగేదని అడిగినాడు, డ్రైవర్‌కి తెలీదు, వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే ఆమెకీ గుర్తు లేదు. నాయన మా ఊరి సంత గురించి చెప్పడం మొదలుపెట్టినాడు, సోమవారం సంత, చింతచెట్టు కింద చేపలు, గాజులమ్మే ముసలామె ఎవరి చెయ్యి చూసినా కొలత చెప్పేసేది. నాకు నలభై నాలుగేళ్ళు, ఈ మాటలు ఇంతవరకు నేను వినలేదు. డ్రైవర్‌కి తెలుగు రాదు, అయినా వింటానే నిలబడినాడు. పాప వాళ్ళ తాతని "మీ ఇల్లు ఎంత లోతులో ఉంటుంది తాతా" అని అడిగింది. ఆయన కాసేపు నీళ్ళు చూసి, "మిద్దె మీద నిలబడి చెయ్యెత్తితే ఇంకో ఐదు తాటిచెట్లు" అన్నాడు.

రూముకొచ్చి భోంచేసి పడుకున్నాం. పొద్దున నది మీద పొగమంచు చూస్తా టీ తాగుతున్నప్పుడు ఆయనే అన్నాడు, ఏప్రిల్‌లో శ్రీశైలం నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా, ఒకసారి పోదామా అని. ఇన్నేళ్ళలో నేనెన్నిసార్లు రమ్మన్నా రానన్నోడు.


తెడ్డు_పట్టినోడు
ఫిబ్రవరి 18, ఉదయం 9:10

అన్నా, ఆఫీస్ బస్సుల చదివిన. మాది గూడ కృష్ణ అవతలి ఒడ్డే, మా అమ్మమ్మోళ్ళ ఊరు గట్లనే పోయింది. సంగమేశ్వరం పోయేటప్పుడు చెప్పు, నేను గూడ అమ్మను తీస్కొని వస్త.


ఇద్దరు_పిల్లల_అమ్మ
ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 12:25

బాబు నీళ్ళ దగ్గర జాగ్రత్తగానే ఉన్నాడా? అది రాయలేదు మీరు.


నందికొట్కూరు_అబ్బాయి
ఫిబ్రవరి 18, మధ్యాహ్నం 1:40

ఉన్నాడక్కా. మూడ్రోజులూ వాళ్ళ తాత చెయ్యి వదల్లేదు. దూరం నుంచి రెండు మొసళ్ళు చూపించినాం, ఇప్పుడు బాత్రూంలో బకెట్ దగ్గరికి పోవాలన్నా ముందు తొంగి చూస్తున్నాడు.

తెడ్డన్నా, ఏప్రిల్ రెండో శనివారం అనుకుంటున్నాం. నీటి మట్టం చూసుకుని ముందురోజు ఫోన్ చేస్తా, నంబరు మెసేజ్ పెట్టు.